ఆ పుస్తకంలో మన పిల్లలున్నారా?

(ప్రాథమిక బడుల ఉపాధ్యాయులు, సండే స్కూలు టీచర్లు, యువజనులు కలిసిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



చిన్న తరగతుల్లో పిల్లల పుస్తకాలు ఎలా ఎంచుకోవాలి, ఎలా వాడాలి అన్న విషయం మీద మాట్లాడమన్నారు. కులం గురించి, కూలి గురించి, ఇళ్ల పట్టాల గురించి మాట్లాడుకునే మన సంఘంలో బొమ్మల పుస్తకాల ముచ్చటేమిటని కొందరికి అనిపించవచ్చు. నా మటుకు ఇదీ న్యాయం సంగతే. ఆరేళ్ల పిల్ల చేతిలో పెట్టే కథల పుస్తకం ఆమెకు రెండు సంగతులు చెబుతుంది. లోకం ఎలా ఉంటుందన్నది ఒకటి. ఆ లోకంలో తనకు చోటుందా లేదా అన్నది రెండోది. మొదటిది టీచరు కూడా చెప్పగలదు. రెండోది మాత్రం ఎవరూ నోరు విప్పకుండానే పుస్తకం చెప్పేస్తుంది. పిల్ల దాన్ని నమ్ముతుంది.

ముందు మన పిల్లలెవరో చూసుకుందాం. కోలారు, పావగడ, బళ్లారి వైపు పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి కన్నడ బడికి వెళ్తారు. హోసూరు, కృష్ణగిరి పిల్లలకు బడిలో తమిళం. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ పిల్లలకు ఒడియా. షోలాపూర్లో, ముంబైలో మరాఠీ, హిందీ. యానాం పిల్లలకు బడిలోనూ తెలుగు వినిపిస్తుంది గానీ, వాళ్ల పాఠ్యపుస్తకాలు వేరేచోట తయారై వచ్చినవే. మనలో కొందరి తాతముత్తాతలు పని వెతుక్కుంటూ ఈ ఊళ్లకు వచ్చారు. కొందరైతే ఎక్కడికీ రాలేదు, ఉన్నచోటే ఉన్నారు. రాష్ట్రాల గీతలే తర్వాత పడ్డాయి. ఎలా వచ్చినా, మన ఇళ్లలో ఎక్కువ మంది మగ్గం, బీడీ, గని, పొలం, రోడ్డు ఊడ్చే పని, ఇళ్లల్లో పాచిపని చేసి బతికినవాళ్లే.

అలాంటి ఇంటి పిల్ల బడికొచ్చి పుస్తకం తెరుస్తుంది. ఆ భాష ఇంటిది కాదు. బొమ్మలో ఇల్లు తన ఇల్లు కాదు. అందులో అమ్మ వంటింట్లో ఉంటుంది, నాన్న కుర్చీలో కూర్చుని పేపరు చదువుతుంటాడు. కేజీఎఫ్ గనులు 2001లో మూతపడ్డాక అక్కడినుంచి తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పనికి వెళ్లే అమ్మలెంతమందో మీకు తెలుసు. ఆ అమ్మ ఏ పుస్తకంలో ఉంది? షోలాపూర్లో చేటలో ఆకు పెట్టుకుని బీడీలు చుట్టే అమ్మ ఏ బొమ్మలో ఉంది? ఎక్కడా లేకపోతే పిల్లకు అర్థమయ్యేది ఒకటే. మా అమ్మలాంటివాళ్లు పుస్తకాల్లో ఉండరు, పుస్తకాలు మాలాంటివాళ్లవి కావు.

లైబ్రరీ అడిగిన పిల్ల

చదువు రాకపోవడం గురించి లెక్కలు చాలా వింటుంటాం. 2024 అసర్ సర్వే ప్రకారం మన దేశంలో పల్లెల్లో 5వ తరగతి చదివే పిల్లల్లో 2వ తరగతి పాఠాన్ని చదవగలిగినవాళ్లు దాదాపు 49 శాతమే. అంటే సగం మంది కూడా లేరు. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. టీచర్లు చాలరు, ఒకే గదిలో మూడు తరగతులు, మధ్యలో వలసలు. వాటితోపాటు ఇంకో కారణం ఉంది. మన పిల్లల్లో చాలామందికి పాఠ్యపుస్తకం తప్ప ఇంకో పుస్తకం తెలియదు. పాఠ్యపుస్తకమంటే పరీక్ష, పరీక్షంటే భయం. ఇష్టంగా, తన కోసం తాను చదువుకునే పుస్తకం ఒక్కటైనా చేతికి రాకుండా ఐదేళ్లు గడిచిపోతున్నాయి.

పేద పిల్లలకు ముందు అన్నం, బట్ట కావాలి, కథల పుస్తకాలు తర్వాత చూసుకోవచ్చు అనేవాళ్లున్నారు. వాళ్లకు ముక్తాబాయి సాల్వే గురించి చెప్పాలి. పుణేలో జోతిరావు, సావిత్రీబాయి ఫూలే దంపతుల బడిలో చదివిన మాంగు కులం పిల్ల ఆమె. 1855లో మాంగులు, మహార్ల కష్టాల గురించి ఆమె రాసిన వ్యాసం క్రైస్తవ మిషనరీలు నడిపిన ‘జ్ఞానోదయ’ పత్రికలో అచ్చయింది. దళిత స్త్రీ రాసిన తొలి రచనల్లో ఒకటిగా దాన్ని ఇవాళ చదువుతున్నారు. ఆ పిల్లకు బహుమతిగా తినుబండారాలు ఇవ్వబోతే, అవి వద్దు, మాకు లైబ్రరీ కావాలని అడిగిందని చెబుతారు. పుస్తకం ఎవరికి అవసరమో ఆ పిల్లకు బాగా తెలుసు. నూట డెబ్బై ఏళ్లు గడిచినా ఆమె అడిగినది మన బడుల్లో చాలాచోట్ల ఇంకా బీరువాలోనే ఉంది. బీరువాకు తాళం ఉంది.

అద్దమూ కావాలి, కిటికీ కూడా కావాలి

పుస్తకం ఎంచుకోవడం గురించి నాకు బాగా పనికొచ్చిన మాట ఒకటి అమెరికాలోని నల్లజాతి విద్యావేత్త రుడీన్ సిమ్స్ బిషప్ 1990లో రాసిన వ్యాసంలో ఉంది. పిల్లల పుస్తకం కొన్నిసార్లు అద్దంలా, కొన్నిసార్లు కిటికీలా, కొన్నిసార్లు జరుపుకుని అవతలికి వెళ్లగలిగే గాజు తలుపులా ఉంటుందన్నది ఆమె ఆలోచన. అద్దంలో మనల్ని మనం చూసుకుంటాం. కిటికీలోంచి ఇతరులను చూస్తాం. తలుపు తీసి వాళ్ల లోకంలోకి వెళ్లి కాసేపు ఉండి వస్తాం. అక్కడి నల్లపిల్లలకు కిటికీలు చాలా ఉండేవి, అద్దాలు ఉండేవి కావు. తెల్లపిల్లలకు అద్దాలే, కిటికీలు లేవు. నష్టం ఇద్దరికీ జరిగిందన్నది ఆమె వాదన.

మన దగ్గరా అంతే. అద్దం దొరకని పిల్ల తనను తాను తక్కువగా చూసుకుంటుంది. కిటికీ దొరకని పిల్ల ఎదుటివాళ్లను తక్కువగా చూస్తుంది. కాబట్టి మన పిల్లలకు మన కథలొక్కటే చాలవు. క్రైస్తవుల ఇంటి పిల్ల రంజాన్ నాటి ఇంటి గురించి, ఉగాది గురించి, సముద్రం గురించి, మంచు పడే దేశం గురించి కూడా చదవాలి. ఒకప్పుడు మాస్కో నుంచి తెలుగులో పిల్లల పుస్తకాలు వచ్చేవి. ఉప్పల లక్ష్మణరావుగారు, రా.రా.గారు అక్కడుండి అనువాదాలు చేశారు. మంచు ముఖం చూడని పిల్లలు వాటిని ప్రేమగా చదువుకున్నారు. ఆ తెలుగు బాగుండడం, ఆ బొమ్మలు పిల్లలను చిన్నచూపు చూడకపోవడం అందుకు కారణాలు. పుస్తకం దూరదేశానిదైతే తప్పులేదు. చేతికొచ్చే పుస్తకాలన్నీ దూరానివే కావడం తప్పు.

అద్దం గురించి ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మన పిల్లలను చూపించాలని చెప్పి వాళ్ల ఏడుపులే చూపించే పుస్తకాలుంటాయి. పేదపిల్ల కనిపిస్తే చిరిగిన గౌను, పక్కన ఖాళీ కంచం. మన వాడల్లో పిల్లలు గాలిపటాలు ఎగరేస్తారు, మామిడికాయలు దొంగిలిస్తారు, కుక్కపిల్లను పెంచుతారు, తమ్ముణ్ణి నవ్విస్తారు, చీకటికి భయపడతారు. అవన్నీ పుస్తకంలోకి రావాలి. జాలి పుట్టించే అద్దంలో ఏ పిల్లా తన ముఖం చూసుకోవాలనుకోదు.

పుస్తకం కొనేముందు

ఇప్పుడు అసలు పనికి వద్దాం. దుకాణంలోనో, పుస్తకాల పండుగలోనో, ఫోనులోనో ఒక పుస్తకం మీ ముందుంది. తీసుకోవాలా వద్దా? నేను ఐదు సంగతులు చూస్తాను.

మొదటిది, పేర్లు. మీ తరగతి హాజరు పట్టీ ఒక పక్కన పెట్టుకోండి. లైబ్రరీ పుస్తకాల్లోని పిల్లల పేర్లు ఇంకో పక్కన రాయండి. పట్టీలో సలోమి, ఎల్లప్ప, ఫాతిమా, మరియమ్మ, ముత్యాలు ఉన్నారు. పుస్తకాల్లో ఎవరున్నారు? ఈ పని అరగంటలో అయిపోతుంది. ఆ రెండు జాబితాలను పక్కపక్కన చూస్తే చెప్పేవాళ్లు అక్కర్లేదు.

రెండోది, పనిచేసేవాళ్లు. కథలో చెప్పులు కుట్టే తాత, బట్టలుతికే అక్క, మేకలు కాసే పిల్లవాడు ఉన్నారా? ఉంటే వాళ్లకు పేరుందా? వాళ్లు మాట్లాడతారా, లేక రాజుగారి కొడుక్కి దారి చూపించి మాయమైపోతారా?

మూడోది, బొమ్మలు. మంచివాళ్లందరూ తెల్లగా, దొంగలూ రాక్షసులూ నల్లగా ఉన్నారా? అమ్మాయిలు ఏం చేస్తున్నారు? చక్రాల కుర్చీలో ఉన్న పిల్లవాడు ఎక్కడైనా ఆడుకుంటున్నాడా? పిల్లలు అక్షరాలకంటే ముందు బొమ్మ చదువుతారు. మనమే బొమ్మను దాటేసి అక్షరాలకు వెళ్లిపోతాం.

నాలుగోది, ముగింపు. కష్టంలో ఉన్న పిల్లను చివరికి ఎవరు గట్టెక్కించారు? ప్రతి కథలోనూ ఒక ధనవంతుడో, దొరో, పట్నం నుంచి వచ్చిన దయగల అమ్మగారో వచ్చి ఆదుకుంటే, పేదవాళ్లు చేతులు జోడించి నిలబడాలన్న పాఠమే మిగులుతుంది. మహాశ్వేతాదేవి రాసిన ‘ది వై వై గర్ల్’ చూడండి. చెన్నైలోని తూలిక ప్రచురణ. అందులో మొయినా శబర తెగ పిల్ల, బాబుగారి మేకలు కాస్తుంది. నీళ్ల కోసం అంత దూరం ఎందుకు నడవాలి, వాళ్ల ఎంగిలి అన్నం నేనెందుకు తినాలి అని అందరినీ అడుగుతూనే ఉంటుంది. ఆ ప్రశ్నలే ఆమెను చదువు వైపు నడిపిస్తాయి. ఆ కథలో పిల్లను ఎవరూ ఉద్ధరించరు.

ఐదోది, చెవి. పుస్తకం కొనేముందు ఒక పేజీ పైకి చదవండి. నాలుక ఎక్కడైనా తట్టుకుంటుందా? మనం మాట్లాడని మాటలు కుప్ప పోశారా? పైకి చదివితే బాగోని పుస్తకం పిల్లలకు బాగుండదు.

ఈ ఐదింటిలోనూ నెగ్గే పుస్తకాలు తెలుగులో ఉన్నాయా అంటే, వెతికితే దొరుకుతాయి. నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయం తక్కువ ధరకు చాలా భాషల్లో వస్తుంది. సికింద్రాబాద్ మంచి పుస్తకం సంస్థ పిల్లల పుస్తకాల కోసమే పనిచేస్తోంది, తెలుగు, ఇంగ్లీషు కలిసిన ద్విభాషా పుస్తకాలు కూడా వేసింది. హైదరాబాద్ అన్వేషి సంస్థ ‘డిఫరెంట్ టేల్స్’ పేరుతో అణగారిన కులాల, ముస్లింల ఇళ్లలోని పిల్లల కథలను పుస్తకాలుగా తెచ్చింది. గోగు శ్యామల, మహమ్మద్ ఖదీర్‌బాబు, గోపిని కరుణాకర్ వంటివాళ్లు వాటిలో రాశారు. ఇవి కాస్త పెద్ద పిల్లలకు, అంటే 4, 5 తరగతులు దాటినవాళ్లకు బాగుంటాయి. డబ్బులే లేవంటే, బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ ఉంది. ఫోనులో ఉచితంగా చదువుకోవచ్చు, అచ్చు తీసుకోవచ్చు, మన భాషలోకి మనమే అనువదించి పెట్టవచ్చు. ఒకే కథ తెలుగులో, కన్నడలో, తమిళంలో, ఒడియాలో, మరాఠీలో దొరకడం మనలాంటివాళ్లకు వరం.

సండే స్కూలు టీచర్లకు రెండు మాటలు. విదేశాల నుంచి పెట్టెల్లో వచ్చిన పుస్తకాలు మన చర్చి గదుల్లో చాలా ఉన్నాయి. ప్రేమతో పంపారు, కాదనను. కానీ ఆ బొమ్మల్లో గొర్రెల కాపరికి బంగారురంగు జుట్టుంటుంది. పావగడ పిల్లకు గొర్రెల కాపరి ఎలా ఉంటాడో తెలుసు, వాళ్ల మామే గొర్రెలు కాస్తాడు. ఆ పిల్లతో కాపరి బొమ్మ వేయించి పుస్తకం పక్కన అంటించండి. రెండో మాట బడి గురించి. బడి తరగతి గదిలో అన్ని మతాల పిల్లలూ ఉంటారు. అక్కడి పుస్తకాల అర మన మత ప్రచారానికి చోటు కాదు, ఇంకెవరి మత ప్రచారానికీ కాదు. ఇతరులను మనం అడిగే న్యాయం మన చేతిలో ఉన్నప్పుడు కూడా పాటించాలి.

పుస్తకం చేతికి రావాలి, చెవికి చేరాలి

మంచి పుస్తకం కొన్నంతమాత్రాన పని అయిపోదు. అపొస్తలుల కార్యాల్లో రథం మీద కూర్చుని చదువుకుంటున్న ఐతియొపీయుడు మీకు గుర్తుండే ఉంటాడు. చదువుతున్నది అర్థమవుతోందా అని ఫిలిప్పు అడిగితే, చెప్పేవాళ్లు లేకుండా ఎలా అర్థమవుతుందన్నాడు. ఫిలిప్పు రథం ఎక్కి పక్కన కూర్చున్నాడు. ఆ పక్కన కూర్చోవడమే టీచరు పని.

రోజుకు పదిహేను నిమిషాలు పుస్తకం పైకి చదవండి. బడి మొదలవగానే గానీ, అన్నం తిన్న తర్వాత గానీ, టైమైతే ఒకటే ఉండాలి. ముందురోజు రాత్రి మీరొకసారి చదువుకుని రండి. పిల్లలను దగ్గరగా నేలమీద కూర్చోబెట్టి, బొమ్మ అందరికీ కనిపించేలా పట్టుకోండి. అట్ట చూపించి కథ ఎవరి గురించి అయివుంటుందో అడగండి. మధ్యలో ఒకే ఒక్కచోట ఆగి, ఇప్పుడేమవుతుందని అడగండి. ప్రతి పేజీకీ ఆగితే కథ చచ్చిపోతుంది.

కథ అయిపోగానే మనకు ఒక అలవాటుంది. ఈ కథలో నీతి ఏమిటి? దయచేసి ఆ ప్రశ్న మానేయండి. అడగ్గానే పిల్లలకు మనం ఏం వినాలనుకుంటున్నామో తెలిసిపోతుంది. అబద్ధమాడరాదు, పెద్దలమాట వినాలి అని పాడతారు. దాని బదులు, నీకు ఎవరు నచ్చారు, నువ్వైతే ఏం చేసేవాడివి, ఇందులో ఎవరికి అన్యాయం జరిగింది, ఈ బొమ్మలో ఎవరు లేరు అని అడగండి. చివరి రెండు ప్రశ్నలకు ఏడేళ్ల పిల్లలు ఇచ్చే జవాబులు వింటే మనం మన సభల్లో మాట్లాడేది తక్కువే అనిపిస్తుంది.

గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో గిజుభాయి బధేకా తొంభై ఏళ్ల కిందటే ఈ దారి చూపించారు. ‘పగటి కల’గా తెలుగులోకి వచ్చిన ఆయన ‘దివాస్వప్న’లో కొత్త టీచరు 4వ తరగతికి వచ్చి పాఠం మొదలుపెట్టడు, కథ మొదలుపెడతాడు. అల్లరి చేసే పిల్లలు కథ కోసం కుదురుగా కూర్చుంటారు. ఆ తర్వాత తరగతికో లైబ్రరీ తయారవుతుంది. వినడం, అడగడం, చదవడం ఆ వరుసలోనే వస్తాయి.

ఇక బీరువా తాళం. టీచర్లు తాళం వేయడానికి కారణం నాకు తెలుసు. పుస్తకం చిరిగితే పై అధికారికి లెక్క చెప్పాలి. అయినా చెప్పాలి, చిరిగిన పుస్తకమంటే చదివిన పుస్తకం. కొత్తగా మెరుస్తున్న పుస్తకాలున్న బడిని చూస్తేనే నాకు దిగులు. పిల్లల ఎత్తులో ఒక తాడు కట్టి బట్టల క్లిప్పులతో పుస్తకాలు వేలాడదీయండి. పాత చీరతో జేబులు కుట్టి గోడకు తగిలించండి. ఇద్దరు పిల్లలను వారానికొకసారి లైబ్రేరియన్లుగా పెట్టండి. రిజిస్టరు వాళ్లే రాస్తారు. జిగురు, టేపు ఒక డబ్బాలో పెడితే పుస్తకాల ఆసుపత్రి కూడా వాళ్లే నడుపుతారు.

పుస్తకాలను తరగతుల వారీగా విడదీయకండి. 5వ తరగతిలో ఉండి 1వ తరగతి పుస్తకం చదవాల్సిన పిల్లవాడికి సిగ్గు వేస్తుంది, పుస్తకమే ముట్టుకోడు. తమిళనాడు బడుల వాసిప్పు ఇయక్కం చిన్న పుస్తకాలను నాలుగు రకాలు చేసి నుళై, నడ, ఓడు, పఱ అని పేర్లు పెట్టింది. అంటే లోపలికి రా, నడువు, పరుగెత్తు, ఎగురు. పిల్లవాడు ఏ మెట్టు మీదున్నా పేరు అవమానించదు. ఇది మనమూ అరువు తెచ్చుకోదగ్గ ఆలోచన.

పుస్తకం ఇంటికీ వెళ్లాలి. అమ్మకు చదువు రాదుగా అంటారు. చదువు రాకపోయినా అమ్మకు కథ వినడం వచ్చు, చెప్పడం వచ్చు. పిల్ల బొమ్మలు చూపిస్తూ చదివితే, ఇలాంటిదే మా అమ్మమ్మ చెప్పేదని ఆమె ఇంకో కథ అందుకుంటుంది. మర్నాడు ఆ కథ తరగతికి వస్తుంది.

ఇంటి తెలుగు తప్పు తెలుగు కాదు

ఆ కథ తరగతికి వచ్చినప్పుడు మన అసలు పరీక్ష మొదలవుతుంది. అచ్చులో ఉన్న తెలుగు ఒకటి, కోలారు ఇంట్లో తెలుగు ఒకటి, షోలాపూర్ మగ్గాల వీధిలో తెలుగు ఇంకొకటి. పిల్ల తన మాటలో కథ చెబుతుంటే మధ్యలో ఆపి, అలా అనకూడదు అన్నామా, ఆ పిల్ల మళ్లీ నోరు తెరవదు. రెండు మాటలూ బోర్డు మీద రాయండి. మీ ఇంట్లో ఇలా అంటారు, పుస్తకంలో ఇలా రాశారు, రెండూ తెలుగే అని చెప్పండి.

ఈ విషయంలో మనకు దారి చూపినాయన మన పక్కవాడే. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. ఆ ఊరు ఇవాళ ఒడిశాలో ఉంది. వాడుక భాష కోసం పోరాడినాయనగా అందరికీ తెలుసు. అంతకంటే ముందు ఆయన సవరల భాష నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు తయారుచేశారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించడానికి సొంత డబ్బు ఖర్చుపెట్టారు. బడి భాషను పెద్దకులం పండితుల చేతుల్లోంచి పిల్లల నోటి దగ్గరకు తేవాలన్న ఆయన పట్టుదలకు ఆ సవర పిల్లలతో చేసిన పని కూడా మూలమనుకుంటాను.

రాష్ట్ర భాషతో మనకు తగవు లేదు. కర్ణాటకలో పిల్లకు కన్నడం కావాలి, మహారాష్ట్రలో మరాఠీ కావాలి. తమిళనాడులో 2006 చట్టంతో తమిళం తప్పనిసరి అయింది. నేర్చుకోవాల్సిందే. ఉన్న ఊరి భాష రాకపోతే ఉద్యోగం, ఓటు, కోర్టు, ఆసుపత్రి అన్నీ దూరమవుతాయి. నేను చెప్పేదల్లా, ఇంటి భాషను బయట విడిచి రమ్మంటే పిల్ల బడి భాషలోకి కూడా సరిగా రాలేదని. ఒకే కథను ముందు తెలుగులో చదివి, మర్నాడు బడి భాషలో చదవండి. కథ ముందే తెలుసు కాబట్టి కొత్త మాటలు భయపెట్టవు. కన్నడ అక్షరాలు వచ్చిన పిల్లకు తెలుగు అక్షరాలు సగం వచ్చినట్టే, అంత దగ్గర పోలిక. తమిళ, ఒడియా, మరాఠీ లిపులు వేరు కాబట్టి అక్కడ చెవితో మొదలుపెట్టి అక్షరాలకు నెమ్మదిగా వెళ్లాలి.

దొరకని పుస్తకాలను మనమే తయారుచేసుకోవచ్చు. నాలుగు తెల్లకాగితాలు మధ్యకు మడిచి దారంతో కుడితే పదహారు పేజీల పుస్తకం అవుతుంది. అమ్మమ్మ చెప్పిన కథను పిల్ల చెప్పినట్టే రాయండి, ఒక పక్క తెలుగులో, ఇంకో పక్క బడి భాషలో. బొమ్మలు పిల్లలే వేస్తారు. అట్ట మీద రచయిత అని ఆ పిల్ల పేరు, చెప్పినవారు అని అమ్మమ్మ పేరు రాయండి. వేలిముద్ర వేసే అమ్మమ్మ పేరు ఒక పుస్తకం అట్ట మీద ఉండడం ఆ ఇంటికి ఎంత పెద్ద సంగతో ఆలోచించండి. గనుల కథలు, మగ్గాల కథలు, వలస కథలు అచ్చులో లేవు, ముసలివాళ్ల నోట్లో ఉన్నాయి. వాళ్లు వెళ్లిపోతే అవీ పోతాయి.

యువతకు నాలుగు పనులు

ఇదంతా ఎవరి దయాధర్మమూ కాదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ప్రతి బడికీ లైబ్రరీ ఉండాలని, అందులో వార్తాపత్రికలతోపాటు కథల పుస్తకాలు కూడా ఉండాలని రాసి ఉంది. సమగ్ర శిక్ష కింద ప్రభుత్వ ప్రాథమిక బడికి లైబ్రరీ పుస్తకాల కోసం ఏటా 5,000 రూపాయల వరకు గ్రాంటు ఉంది. రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం, భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే సౌకర్యం కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని చెబుతోంది. అది 1956 నుంచి ఉంది.

అందుకని యువతీ యువకులను నాలుగు పనులు అడుగుతున్నాను.

ఒకటి, మీ వీధి బడి యాజమాన్య కమిటీలో ఎవరున్నారో తెలుసుకోండి. చట్టప్రకారం అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. ఆ అమ్మలతో కూర్చుని, ఈ ఏడాది గ్రాంటుతో ఏ పుస్తకాలు కొన్నారు, ఎవరు ఎంచారు, బీరువా తాళం ఎవరి దగ్గర ఉందని అడగడం నేర్పండి. మీరు అడగకండి, వాళ్లను అడగనివ్వండి.

రెండు, కర్ణాటకలో ఉన్నవాళ్లు గ్రామపంచాయతీ లైబ్రరీకి వెళ్లండి. 2020లో మొదలైన ‘ఓదువ బెళకు’ కింద 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు అక్కడ సభ్యత్వం ఉచితం. మన వాడ పిల్లలను వరుసగా తీసుకెళ్లి చేర్పించండి. లోపల కూర్చునే హక్కు వాళ్లకుందని వాళ్లకు తెలియాలి.

మూడు, చర్చి గదిలో వారంలో ఒక సాయంత్రం కథల గంట పెట్టండి. తలుపు అన్ని ఇళ్ల పిల్లలకూ తెరిచి ఉంచండి. పుస్తకం పైకి చదవడానికి పెద్ద డిగ్రీలు అక్కర్లేదు, ఇంటర్ చదివే అక్క చాలు.

నాలుగు, మీకు రెండు భాషలు వచ్చు. అది మీ ఆస్తి. నెలకొక చిన్న కథను కన్నడం నుంచో, ఒడియా నుంచో, మరాఠీ నుంచో తెలుగులోకి తెండి, తెలుగు నుంచి అటు తీసుకెళ్లండి. ఏడాదికి పన్నెండు పుస్తకాలవుతాయి. ఒక తరగతి అరకు అది మంచి మొదలు.

పిల్లల పుస్తకాలతో కులం పోదు, పేదరికం పోదు. ఆ మాట నాకూ తెలుసు. అయితే తనను పుస్తకంలో చూసుకున్న పిల్ల, ఈ బొమ్మలో ఎవరు లేరని అడగడం నేర్చుకున్న పిల్ల, పెద్దయ్యాక ఓటరు జాబితాలో ఎవరు లేరని, కూలి లెక్కలో ఎంత తగ్గిందని కూడా అడుగుతుంది. ముక్తాబాయి రాసింది అలాంటి ప్రశ్నలే. వచ్చే సోమవారం బడి తెరిచినప్పుడు బీరువా కూడా తెరవమని ఉపాధ్యాయులను వేడుకుంటున్నాను.